కృపాసదనం: పండిత రమాబాయి జీవితంలో దోషం, క్షమ

నేరానికి దండన విధించడం రాజధర్మం. పాపానికి ప్రాయశ్చిత్తం విధించడం శాస్త్రధర్మం. ఈ రెండింటికీ ఒక కొలత ఉంది. తప్పు ఎంతటిదో శిక్ష అంతటిది. పాతకం ఎంతటిదో వ్రతం అంతటిది. ఈ కొలతకు లొంగని మూడవ మాట ఒకటి ఉంది. అది క్షమ. తగినవాడికి ఇచ్చేది బహుమానం అవుతుంది కాని క్షమ కాదు. తగనివాడికి ఇచ్చినప్పుడే అది ఆ పేరుకు తగుతుంది. క్రైస్తవ మతం ఈ భావాన్ని తన బోధనకు కేంద్రంగా నిలుపుకొంది. అయితే కేంద్రంలో నిలుపుకోవడం వేరు, ఆచరణలో నిలబెట్టుకోవడం వేరు. ఈ రెండింటి నడుమ ఉన్న దూరాన్ని పందొమ్మిదవ శతాబ్దపు భారతదేశంలో ఒక స్త్రీ తన జీవితంతో కొలిచి చూశారు. ఆమె పండిత రమాబాయి.

క్షమకు సరిహద్దులు గీసిన చరిత్ర

క్రైస్తవ సువార్తలు నాలుగింటిలో లూకా రచించినదిగా సంప్రదాయం చెప్పే సువార్తలో పాపుల పట్ల దయను చెప్పే ఘట్టాలు ఎక్కువ. ఆస్తిని తగలేసి తిరిగివచ్చిన కొడుకును తండ్రి పరుగున వెళ్లి కౌగిలించుకోవడం, తన పాపం తప్ప మరేమీ చెప్పుకోలేని సుంకరి ప్రార్థన ఫలించడం, సిలువ మీద వేలాడుతున్న దొంగకు పరదైసు లభించడం, అన్నీ అందులోనివే. యోహాను సువార్తలో వ్యభిచార దోషం మోపబడిన స్త్రీ కథ ఉంది. పాపం లేనివాడే మొదటి రాయి వేయాలని యేసు అన్న ఘట్టం అది. ప్రాచీనమైన ముఖ్య ప్రతులలో ఈ ఘట్టం కనిపించదు. దానికి కారణం ఊహిస్తూ నాలుగైదు శతాబ్దాలకు చెందిన అగస్టీన్ ఒక ఆసక్తికరమైన మాట చెప్పాడు: తమ భార్యలకు తప్పు చేసే ధైర్యం వస్తుందన్న భయంతో కొందరు ఆ కథను తమ ప్రతులలోంచి తొలగించారట. పాఠ పరిష్కర్తలు ఈ ఊహను అంగీకరించినా అంగీకరించకపోయినా, క్షమ అనే భావం తొలినాళ్ల విశ్వాసులను సైతం ఎంత కలవరపెట్టిందో ఆ మాట తెలుపుతుంది.

ఆ కలవరం సంఘ చరిత్ర పొడవునా కనిపిస్తుంది. రోమన్ చక్రవర్తి డెసియస్ కాలంలో, 250 ప్రాంతంలో, ప్రాణభయంతో విశ్వాసాన్ని కాదన్నవారిని తిరిగి చేర్చుకోవచ్చునా అన్న ప్రశ్నపై సంఘం చీలింది. చేర్చుకోరాదన్న నొవేషియన్ వేరు కుంపటి పెట్టుకున్నాడు. ప్రాయశ్చిత్తం మీద చేర్చుకోవచ్చునన్న కార్తేజి బిషప్పు సిప్రియన్ పక్షం నెగ్గింది. తరువాతి శతాబ్దాలలో ఐర్లండు మఠాలలో పాపాలకు ఉపవాస దినాలను లెక్కగట్టే పట్టికలు పుట్టాయి. పాపి హోదాను బట్టి అందులో ప్రాయశ్చిత్తం మారేది. యాజ్ఞవల్క్య స్మృతిలోని ప్రాయశ్చిత్తాధ్యాయం తెలిసినవారికి ఆ పట్టికలు కొత్తగా తోచవు. 1215లో నాల్గవ లాటరన్ మహాసభ ఏడాదికి ఒకసారైనా పాపాలు ఒప్పుకొని తీరాలని శాసించింది. పాపశిక్షకు మినహాయింపు పత్రాల వ్యాపారం సాగుతున్నవేళ 1517లో మార్టిన్ లూథర్ ఎదురు నిలిచాడు. దేవుని కృప విశ్వాసం ద్వారా లభించేదే తప్ప కొనేది కాదని వాదించాడు. ట్రెంట్ మహాసభ 1551లో ప్రాయశ్చిత్త సంస్కారాన్ని పునరుద్ఘాటించింది. ఈ రెండు ధోరణులూ ఇంగ్లండు సంఘంలో పక్కపక్కనే బతికాయి. 1833లో మొదలైన ఆక్స్‌ఫర్డ్ ఉద్యమం గురువు ఎదుట పాపాలు ఒప్పుకొనే ఆచారాన్నీ, సన్యాసినుల మఠాలనూ ఆ సంఘంలో తిరిగి పాదుకొల్పింది. ఆ విధంగా 1848లో వాంటేజ్ అనే చిన్న పట్టణంలో విలియం జాన్ బట్లర్ స్థాపించిన సన్యాసినీ మఠమే రమాబాయి కథలో ముఖ్యస్థానం వహించింది.

దోషం ఎవరిది?

రమాబాయి యౌవనంలో ఈ దేశంలో స్త్రీ దోషం గురించిన చర్చ తీవ్రంగా సాగుతోంది. భర్త మరణానికి భార్య పూర్వజన్మ పాపమే కారణమన్న నమ్మకం అగ్రవర్ణ సమాజంలో బలంగా ఉండేది. అందువల్ల పసిపిల్లగా పెళ్లాడి, కాపురానికి పోకముందే వితంతువైన బాలికకు కూడా దోషి స్థానమే దక్కేది. శిరోముండనం, ఏకభుక్తం, శుభకార్యాల నుంచి వెలి, అన్నీ ఆ తీర్పును అమలుపరచే శిక్షలే.

1856లో ఈశ్వరచంద్ర విద్యాసాగరుని కృషితో వితంతు పునర్వివాహ చట్టం వచ్చింది. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించారు. ఈ సంస్కర్తల వాదానికి ఒక సామాన్య లక్షణం ఉంది. వితంతువు నిర్దోషి అని, శాస్త్రమే ఆమెకు పునర్వివాహాన్ని అనుమతించిందని వారు నిరూపించారు. ఆ వాదం న్యాయమైనది, అవసరమైనది. కాని అది ఒక ప్రశ్నను తాకకుండా వదిలింది. నిర్దోషి అయిన వితంతువుకు వివాహం సరే. సంఘం దృష్టిలో నిజంగానే తప్పు చేసిన స్త్రీకి ఏ దారి?

ఆ ప్రశ్న అదే 1881లో సూరత్ న్యాయస్థానంలో నిలిచింది. విజయలక్ష్మి అనే బ్రాహ్మణ వితంతువు తాను కన్న బిడ్డను చంపిన నేరానికి ఉరిశిక్ష పొందింది. తరువాత అది ద్వీపాంతరవాస శిక్షగా తగ్గింది. ఈ కేసుపై పత్రికలు స్త్రీల నీతిహీనతను గురించి పుంఖానుపుంఖంగా రాశాయి. వాటికి సమాధానంగా 1882లో తారాబాయి శిందే మరాఠీలో ‘స్త్రీ పురుష తులన’ రచించి, దోషంలో పురుషుని వాటా ఏదని నిలదీశారు. అంతకు దాదాపు రెండు దశాబ్దాల ముందే, 1863లో, పుణెలో జోతిరావు ఫూలే, సావిత్రీబాయి దంపతులు తమ ఇంట శిశుహత్యా నివారణ గృహం తెరిచారు. గర్భవతులైన వితంతువులు అక్కడికి వచ్చి రహస్యంగా ప్రసవించి, బిడ్డను వదలి వెళ్లవచ్చు. అక్కడ ఎవరినీ తప్పు అడగరు. మతం పేరు చెప్పని క్షమ అది. ఫూలే దంపతులు 1874లో అటువంటి ఒక వితంతువు బిడ్డనే దత్తత చేసుకున్నారు.

అడవి నుంచి వాంటేజ్ దాకా

రమాబాయి 1858 ఏప్రిల్ 23న నేటి కర్ణాటకలోని పడమటి కనుమల్లో, గంగామూల అటవీ ప్రాంతంలో జన్మించారు. తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే చిత్పావన బ్రాహ్మణుడు, గొప్ప సంస్కృత పండితుడు. భార్య లక్ష్మీబాయికి సంస్కృతం నేర్పినందుకు పండిత సభ ఎదుట సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చినవాడు. ఆ తల్లి దగ్గరే రమాబాయి సంస్కృతం నేర్చుకున్నారు. కుటుంబమంతా క్షేత్రాల వెంట తిరుగుతూ పురాణం చెప్పి బతికింది. 1870లలో మద్రాసు రాజధానిలో కరువు కమ్ముకొన్నప్పుడు ఆ జీవనాధారం తెగిపోయింది. దాన ధర్మాలతో, వ్రతాలతో ఉన్న సొమ్ము అయిపోయాక తిరుపతి కొండ అడవుల్లో ఆకులు, నీళ్లు, గుప్పెడు అడవి ఖర్జూరాలతో రోజులు గడిపిన వైనాన్ని ఆమె తరువాత రాశారు. వృద్ధుడైన తండ్రి జలసమాధికి సిద్ధపడ్డాడు. కూలి పనైనా చేసి పోషిస్తానని కొడుకు శ్రీనివాస్ అనడంతో ఆ ప్రయత్నం విరమించాడు. అయినా తండ్రి, తల్లి, అక్క ఒకరి తరువాత ఒకరు మరణించారు.

మిగిలిన అన్నాచెల్లెళ్లు కాలినడకన దేశం తిరిగి 1878లో కలకత్తా చేరారు. భాగవతం కంఠస్థమైన ఆ యువతిని చూసి అక్కడి పండితులు ఆశ్చర్యపోయి, పరీక్షించి, ‘పండిత’, ‘సరస్వతి’ బిరుదులిచ్చారు. అన్న మరణానంతరం 1880లో ఆమె బిపిన్ బిహారీ మేధావి అనే వంగదేశపు న్యాయవాదిని రిజిస్టరు వివాహం చేసుకున్నారు. ఆయన శూద్రుడు. 1881లో కుమార్తె మనోరమ పుట్టింది. 1882 ఫిబ్రవరిలో భర్త విషూచితో కన్నుమూశాడు. ఇరవై నాలుగో ఏట రమాబాయి వితంతువయ్యారు. శాస్త్రం ప్రకారం దోషి అయ్యారు.

ఈ కాలంలోనే సిల్చర్‌లోని ఇంట ఆమెకు బెంగాలీ భాషలో ఒక చిన్న పుస్తకం దొరికింది. అది లూకా సువార్త. దయాప్రసంగాలకు నిలయమైన ఆ సువార్తే ఆమె మొదట చదివిన క్రైస్తవ గ్రంథం కావడం యాదృచ్ఛికమే అయినా గమనించదగినది. పుణెకు వచ్చి ఆర్య మహిళా సమాజం స్థాపించి, ‘స్త్రీధర్మనీతి’ రచించి, ఆ పుస్తకంపై వచ్చిన సొమ్ముతో 1883లో ఆమె ఇంగ్లండు ప్రయాణమయ్యారు. వైద్యవిద్య చదవాలన్నది సంకల్పం. వినికిడి లోపం అందుకు అడ్డువచ్చింది. ఆమెకు ఆశ్రయమిచ్చినవారు వాంటేజ్ సన్యాసినులు.

ఫుల్‌హామ్‌లో చూసినది

వాంటేజ్ సన్యాసినులు లండన్‌లోని ఫుల్‌హామ్‌లో ‘పతిత’ స్త్రీల కోసం ఒక ఆశ్రమం నడిపేవారు. రమాబాయిని అక్కడికి తీసుకువెళ్లారు. ఒకప్పుడు వీధిలో బతికిన స్త్రీలు అక్కడ మారిన మనుషులై, తమవంటి ఇతరులకు సేవ చేస్తూ కనిపించారు. 1907లో రాసిన తన సాక్ష్య గ్రంథంలో రమాబాయి ఆ దృశ్యం తనపై వేసిన ముద్రను వివరంగా చెప్పారు. ఇటువంటి స్త్రీలను దగ్గరకు తీయడం తాను తన దేశంలో చూడలేదని, వారిని దయ చూపదగినవారుగా భావించడమే తనకు కొత్తగా తోచిందని ఆమె అభిప్రాయం. వీరిని ఆదరించేలా క్రైస్తవులను ప్రేరేపించేది ఏమిటని ఆమె ఒక సన్యాసినిని అడిగారు. జవాబుగా ఆ సన్యాసిని యోహాను సువార్త నాలుగవ అధ్యాయం చదివి వినిపించింది. అయిదుగురు భర్తల అనంతరం భర్త కాని వానితో ఉంటున్న సమరయ స్త్రీని బావి దగ్గర యేసు నీళ్లడిగి, ఆమెతో సత్యారాధనను గురించి చర్చించిన కథ అది.

ఆ కథలో రమాబాయిని ఆకట్టుకొన్నది క్షమ మాత్రమే కాదని గుర్తించాలి. సమరయులు యూదుల దృష్టిలో అంటరానివారు. ఒక పురుషుడు, గురువు, అటువంటి జాతి స్త్రీ చేతి నీళ్లు అడుగుతున్నాడు. దోషి అని తెలిసీ ఆమెతో వేదాంతం మాట్లాడుతున్నాడు. స్త్రీశూద్రులకు మోక్షాధికారం లేదని శాస్త్రాలలో చదివిన పండితురాలికి, ‘దోషి’ అయిన స్త్రీని జ్ఞానానికి అర్హురాలిగా చూడడం క్షమ కంటే పెద్ద సంగతిగా తోచింది. 1883 సెప్టెంబరు 29న వాంటేజ్‌లో ఆమె కుమార్తెతో కూడా బాప్తిస్మం పొందారు. దానికి కొద్దిరోజుల ముందే ఆమె వెంట వచ్చిన సహచరి ఆనందీబాయి భగత్ అక్కడే ఆత్మహత్య చేసుకుంది. ఆ మతాంతరీకరణం చుట్టూ సంతోషం కంటే విషాదమే ఎక్కువగా ఉందన్నది మరువరాని విషయం.

అజామిళుని ప్రశ్న

ఇక్కడ ఒక సందేహం కలుగుతుంది. దోషికి దైవకృప లభించిన కథలు ఈ దేశానికి కొత్తవా? భాగవతం షష్ఠ స్కంధంలోని అజామిళోపాఖ్యానం అందుకు ప్రసిద్ధ నిదర్శనం. తెలుగులో ఏర్చూరి సింగన రచించిన ఆ స్కంధం ద్వారా తెలుగు పాఠకులకు అది చిరపరిచితం. కులధర్మం విడిచి, దాసితో కాపురం చేసి, దొంగతనాలతో బతికిన అజామిళుడు మరణవేళ కొడుకును ‘నారాయణా’ అని పిలిచినంతమాత్రాన విష్ణుదూతలు అతన్ని యమభటుల నుంచి విడిపించారు. బౌద్ధంలో అంగుళిమాలుడు ఉన్నాడు. గణిక ఆమ్రపాలి ఉంది. మహారాష్ట్ర వారకరీ సంప్రదాయంలో పండరి సన్నిధిలో ఆశ్రయం పొందిన గణికాపుత్రి కాన్హోపాత్ర ఉంది. భాగవతం కంఠస్థమైన రమాబాయికి అజామిళుడు తెలియకపోవడం అసంభవం.

అయినా ఫుల్‌హామ్ ఆమెకు కొత్తగా తోచడానికి కారణం ఉంది. అజామిళుని కథ దేవుని దయకు అవధి లేదని చెబుతుంది. అజామిళుని వెంట ఉన్న ఆ దాసికి ఏమైందన్నది ఆ కథకు ప్రధానం కాదు. కృప పరలోకపు వాకిట నిలిచింది. ఈ లోకపు వాకిలి మూసే ఉంది. ఫుల్‌హామ్‌లో ఆమె చూసినది కథను కాదు, ఒక ఇంటిని. అందులో పొయ్యి ఉంది, పడక ఉంది, చేతినిండా పని ఉంది. భావం సంస్థగా మారడమే ఆమెను కదిలించింది. తన దేశంలో అటువంటిది లేదన్న ఆమె మాట మాత్రం పూర్తిగా నిజం కాదు. ఆమె కొంతకాలం నివసించిన పుణెలోనే ఫూలే దంపతుల గృహం తెరుచుకొని అప్పటికి ఇరవై ఏళ్లు.

ఫుల్‌హామ్ కూడా మచ్చలేనిది కాదు. విక్టోరియా కాలపు ఇటువంటి ఆశ్రమాలలో పశ్చాత్తాపానికి కఠినమైన దినచర్య, బట్టలుతికే శ్రమ తప్పనిసరి. ఆ స్త్రీలను ‘పతితులు’గా చేసిన పురుషులకు పశ్చాత్తాప గృహాలు లేవు. సైనికుల ఆరోగ్యం పేరిట 1864 నుంచి అమలైన అంటువ్యాధుల చట్టాలు స్త్రీలను బలవంతపు పరీక్షలకు గురిచేశాయి, పురుషులను ముట్టలేదు. జోసెఫిన్ బట్లర్ నడిపిన ఉద్యమం ఫలితంగా అవి 1886లో రద్దయ్యాయి. రమాబాయి ఇంగ్లండులో ఉన్న సంవత్సరాలు ఆ పోరాటపు చివరి సంవత్సరాలే. క్షమించే ఇల్లూ, శిక్షించే చట్టమూ ఒకే నగరంలో ఉన్నాయి.

గురువు కావాలా?

బాప్తిస్మం పొందగానే రమాబాయి తమ అదుపులో ఉంటారని భావించిన సంఘ పెద్దలు త్వరలోనే నిరాశ చెందారు. ఛెల్టెన్‌హామ్ మహిళా కళాశాలలో ఆమె చదువుతూ సంస్కృతం బోధించేవారు. పురుషులకు కూడా బోధించే ప్రస్తావన వచ్చినప్పుడు బొంబాయి, లాహోరు బిషప్పులు అభ్యంతరపెట్టారు. త్రిత్వ సిద్ధాంతంపై ఆమె సందేహాలు లేవనెత్తారు. సిలువ మీద లాటిన్ అక్షరాలెందుకు, సంస్కృతానికేం తక్కువ అని అడిగారు. సిస్టర్ జెరాల్డీన్‌తోను, కళాశాల ప్రధానాచార్యులు డొరతియా బీల్‌తోను ఆమె జరిపిన ఉత్తరప్రత్యుత్తరాలు 1977లో గ్రంథరూపంలో వెలువడ్డాయి. వాటి సారాంశం ఒక్కటే. పురోహితుల కాడిని ఎంతో శ్రమతో వదిలించుకొన్న తాను మరొక కాడిని మెడకెత్తుకొనేది లేదు. క్షమ దేవునిదైతే దానికి ద్వారపాలకులెందుకన్నది ఆ వాదం వెనుక ఉన్న ప్రశ్న.

ఆ ప్రశ్నకు ఆమెకు సమాధానం దొరకడానికి మరో ఎనిమిదేళ్లు పట్టింది. తాను క్రైస్తవ మతాన్ని పొందాను కాని క్రీస్తును పొందలేదని ఆమె స్వయంగా రాసుకున్నారు. హాస్లామ్ అనే ఆంగ్లికన్ మతాచార్యుని ఆత్మకథ చదవడం, 1891 ప్రాంతంలో కలిగిన అంతర్మథనం ఆమెను సంస్కారాల మీద ఆధారపడే మార్గం నుంచి కేవల విశ్వాస మార్గానికి నడిపాయి. క్షమకు బాప్తిస్మం సైతం మూల్యం కాదని, నమ్మడమే చాలునని ఆమె నిశ్చయించుకున్నారు. పదహారవ శతాబ్దంలో ఐరోపా తేల్చుకోలేకపోయిన వివాదం ఈ విధంగా ఒక మరాఠీ పండితురాలి మనస్సులో మళ్లీ జరిగింది.

శారదాసదనం, దాని సంక్షోభం

1886లో ఆనందీబాయి జోషి వైద్య పట్టా స్వీకరించే సందర్భానికి అమెరికా వెళ్లిన రమాబాయి, 1887లో ‘అగ్రవర్ణ హిందూ స్త్రీ’ అనే ఆంగ్ల గ్రంథం ప్రకటించి, బోస్టన్‌లో ఏర్పడిన సహాయక సంఘం అండతో స్వదేశానికి వచ్చారు. 1889 మార్చి 11న బొంబాయిలో వితంతువుల కోసం శారదాసదనం తెరిచారు. మరుసటి సంవత్సరం అది పుణెకు మారింది. మతబోధ ఉండదని ఆమె హామీ ఇచ్చారు. సలహా సంఘంలో రానడే, భండార్కర్ వంటి పెద్దలు చేరారు.

అయితే రమాబాయి తన గదిలో చేసుకొనే ప్రార్థనకు తలుపు మూయలేదు. బాలికలు వచ్చి కూర్చునేవారు. కొందరు క్రైస్తవంవైపు మొగ్గారు. తిలక్ నాయకత్వంలోని ‘కేసరి’ పత్రిక దీన్ని నమ్మకద్రోహంగా పరిగణించింది. 1893లో సలహాదారులు రాజీనామా చేశారు. తల్లిదండ్రులు పలువురు బాలికలను వెనక్కి తీసుకువెళ్లారు. ఇరుపక్షాలకూ తమ న్యాయం ఉంది. హామీకి అక్షరం ఉంది, ఆంతర్యం కూడా ఉంది. అక్షరాన్ని తాను ఉల్లంఘించలేదని రమాబాయి వాదం. ఆంతర్యం చెడిందని విమర్శకుల వాదం. క్షమను ఒక మతం పేరు మీద ఇచ్చినప్పుడు అందుకొనేవారికి కాదనే స్వేచ్ఛ ఎంత మిగులుతుందన్న చిక్కు ఆ రోజున తేలలేదు. మతాంతరీకరణ చర్చలలో అది ఆ తరువాతా తేలలేదు. ఆ సదనం తొలి విద్యార్థినులలో ఒకరైన గోదూబాయి 1893లో ధోండో కేశవ కర్వేను పునర్వివాహం చేసుకొని హిందువుగానే కొనసాగారు. కర్వే 1896లో స్థాపించిన వితంతు ఆశ్రమం, 1916లో స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయం ఆ కృషికి మరో శాఖగా విస్తరించాయి.

కరువు, కేడ్గావ్, కృపాసదనం

1896–97లో మధ్యపరగణాలలో కరువు చెలరేగింది. ఒకప్పుడు తన వారందరినీ కరువుకు అర్పించిన రమాబాయి ఆ ప్రాంతాలు తిరిగారు. ఆకలితో ఉన్న బాలికలను కొని తరలించే దళారులను అక్కడ చూశారు. మూడు వందల మందిని తీసుకురావాలని సంకల్పించారు. పుణెలో ప్లేగు ఆంక్షల వల్ల వారిని కేడ్గావ్‌లోని తన పొలానికి చేర్చారు. అదే ‘ముక్తి’గా వెలసింది. 1897లో ప్లేగు శిబిరాలలో స్త్రీలకు జరిగిన అమర్యాదను ఆమె పత్రికాముఖంగా ప్రభుత్వం దృష్టికి తెచ్చి అధికారుల ఆగ్రహానికి గురయ్యారు. తెల్లదొరలూ క్రైస్తవులే, అయినా దోషాన్ని దోషమనడానికి ఆమె వెనుదీయలేదు. 1900లో గుజరాత్ కరువు బాధితులు చేరడంతో కేడ్గావ్ నివాసుల సంఖ్య రెండు వేలకు చేరువైంది.

ఈ సముదాయంలోనే ‘కృపాసదనం’ ఏర్పడింది. సంఘం పతితులని తోసిపుచ్చిన స్త్రీల కోసం ప్రత్యేకించిన ఇల్లు అది. ఫుల్‌హామ్‌లో అడిగిన ప్రశ్నకు కేడ్గావ్‌లో ఇచ్చిన జవాబు. వృద్ధులకు, అశక్తులకు ప్రీతిసదనం వేరుగా ఉండేది. అంధులకూ వసతి ఉండేది. నేత, వ్యవసాయం, పాడి, ముద్రణ అన్నీ స్త్రీలే నేర్చి నడిపారు. ఇక్కడొక విశేషం ఉంది. అగ్రవర్ణ వితంతువులతో మొదలైన సంస్థ కరువు వల్ల అన్ని కులాల వారికీ తెరుచుకొంది. నిర్దోషి, దోషి అన్న విభజన చెరిగిన చోటే కులాల విభజన కూడా పలుచబడింది. అయితే కృపాసదనాన్ని వేరుగా ఉంచడంలో, నాటి సమాజపు శంకను ముక్తి కూడా పూర్తిగా దాటలేదని గ్రహించవచ్చు.

1905: కన్నీటి ఒప్పుకోలు

1904–05లో ఇంగ్లండు పొరుగునున్న వేల్స్‌లోను, 1905లో ఖాసీ కొండల్లోను పెద్ద మతోజ్జీవనాలు చెలరేగాయి. ఆ వార్తలు విన్న రమాబాయి ప్రార్థనా బృందాలు ఏర్పరచారు. 1905 జూన్ చివరి రోజుల్లో కేడ్గావ్‌లో వందలాది బాలికలు రోదిస్తూ, తమ పాపాలను బహిరంగంగా ఒప్పుకొంటూ, క్షమాపణ పొందామన్న ఆనందంతో గానం చేస్తూ రోజులు గడిపారు. మిన్నీ ఏబ్రమ్స్ అనే అమెరికన్ సహచరి రాసిన గ్రంథం ద్వారా ఈ ఘటన ప్రపంచ పెంతెకొస్తు ఉద్యమ చరిత్రలో చోటు సంపాదించింది.

చరిత్రకారుడు ఇక్కడ ఆగి ఆలోచించవలసి ఉంటుంది. వీరిలో చాలామంది కరువులో తల్లిదండ్రులను పోగొట్టుకొన్న పిల్లలు. లోకం వారి పట్ల చేసిన దోషంతో పోలిస్తే వారు చేసిన దోషం ఎంత? దళారులు పశ్చాత్తాపపడలేదు, ధాన్యం దాచుకొన్న వర్తకులు ఏడవలేదు, కరువు కాలంలో శిస్తు వసూలు చేసిన ప్రభుత్వం క్షమ అడగలేదు. పాపం ఒప్పుకొన్నది పాపానికి బలైనవారే. పాపక్షమను బోధించే ఏ మతానికైనా ఎదురయ్యే గడ్డు ప్రశ్న ఇది. దానికి మరో పార్శ్వం కూడా ఉంది. తప్పు ఒప్పుకోవడమంటే తనకొక ఇచ్ఛ, ఒక కర్తృత్వం ఉన్నదని చాటుకోవడం. అప్పటివరకు తలరాతకు, పూర్వకర్మకు ఫలంగా మాత్రమే చూడబడిన బాలిక, మంచికీ చెడుకూ తానే కర్తనని మొదటిసారి నలుగురి ఎదుట పలికింది. ఆ గొంతు ఆమెకు దక్కిన తీరును కన్నీటి లెక్కలో కొట్టివేయడం సరికాదు.

మాటల వెంట

రమాబాయి జీవితపు చివరి దశ బైబిలును మరాఠీలోకి అనువదించడంలో గడిచింది. అందుకోసం హీబ్రూ, గ్రీకు నేర్చుకొన్నారు. అప్పటికే ఉన్న అనువాదంలో సంస్కృత తత్సమాలు దట్టంగా ఉన్నాయని, పల్లె స్త్రీలకు అర్థమయ్యే మరాఠీ కావాలని ఆమె అభిమతం. వేదాంత పరిభాష పాత అర్థాలను వెంటబెట్టుకొస్తుందన్న జాగ్రత్త కూడా ఆమెకు ఉంది. హీబ్రూలో కనికరాన్ని తెలిపే ‘రహమీమ్’ అన్న మాట, గర్భాశయాన్ని తెలిపే ‘రెహెమ్’ అన్న మాటతో ఒకే ధాతువుకు చెందినది. ఒడంబడికకు కట్టుబడిన ప్రేమను తెలిపే ‘హెసెద్’ మరొకటి. తెలుగు బైబిలు ‘కృప’, ‘కనికరము’ అన్న రెండు మాటలనూ వాడుకలో ఉంచింది. కృప పైనుంచి దిగివచ్చేది. కనికరం కడుపులోంచి పుట్టేది. దోషిని క్షమించే రాజు, బిడ్డను క్షమించే తల్లి, ఈ ఇద్దరి మధ్య భాషలు ఊగిసలాడుతూనే ఉంటాయి.

ముక్తి ముద్రణాలయంలో స్త్రీలే అక్షరాలు కూర్చి ఆ అనువాదాన్ని అచ్చువేశారు. తనకు వారసురాలవుతుందనుకొన్న కుమార్తె మనోరమ 1921లో మరణించింది. 1922 ఏప్రిల్ 5న రమాబాయి కన్నుమూశారు. సంపూర్ణ గ్రంథం 1924లో వెలువడింది. 1989లో భారత తపాలాశాఖ ఆమె స్మారకంగా స్టాంపు విడుదల చేసింది.

స్వదేశీయులు కొందరు ఆమెను మతద్రోహి అన్నారు. విదేశీ సన్యాసినులు కొందరు అవిధేయురాలన్నారు. 1885లో ‘సత్సార్’ పత్రికలో ఆమె పక్షాన నిలిచి రాసినవాడు, ఏ మతపీఠాన్నీ అంగీకరించని ఫూలే. ఇద్దరి మార్గాలు వేరు. ఒకరు దేవుని కృపను ఆధారం చేసుకొన్నారు. మరొకరు మనిషి హక్కును. కాని ఫూలే ఇంటి తలుపూ, కృపాసదనం తలుపూ తట్టినవారు ఒకే రకం మనుషులు. పుణెలో, కేడ్గావ్‌లో తలుపు తెరిచినవారు వచ్చినామెను ముందుగా అడిగినది ఆమె చేసిన తప్పును గురించి కాదు, ఆమె ఆకలిని గురించి.